స్లాబ్‌లో ఉన్న 1939 రూపాయి: గ్రేడింగ్ సంస్థను ఎంతవరకు నమ్మవచ్చు?

కంచరపాలెం_కాణీ
జార్జి ఆరో రాజు బొమ్మ ఉన్న 1939 వెండి రూపాయి ఒకటి విశాఖలో డాబా గార్డెన్స్ వైపు ఒక డీలర్ దగ్గర చూశాను. నాణెం స్లాబ్‌లో, అంటే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, సీలు చేసి ఉంది, చీటీ మీద గ్రేడు (నాణెం ఎంత బాగుందో చెప్పే అంకె) ఎంఎస్ 63 అని ఉంది, అంటే చెలామణిలో అరగనిదన్నమాట. గ్రేడు వేసిన సంస్థ మన దేశానిదే గాని, దాని పేరు నేను ఇంతకుముందు వినలేదు. చీటీ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే ఒక పేజీ తెరుచుకుని అదే నంబరును, అదే గ్రేడును చూపిస్తోంది, నాణెం ఫొటో మాత్రం లేదు. డీలర్ ఆదివారం వరకు ఆగుతానన్నారు.

నా భయానికి కారణం ఉంది. పోయిన ఏడాది ఇంకో సంస్థ స్లాబ్‌లో 1862 విక్టోరియా రూపాయి కొన్నాను. ఏయూ 58 అని చీటీ ఉంటే, అరుగుదల దాదాపు లేదన్నమాట అని సంతోషపడ్డాను. తీరా అనుభవమున్న ఒక పెద్దాయనకు చూపిస్తే, ఆయన దాన్ని బల్బు కింద అటూ ఇటూ వంచి, "ఎప్పుడో గట్టిగా తోమారు బాబూ, సన్నని గీతలన్నీ ఒకే వైపుకు పోతున్నాయి చూడు" అన్నారు. నేను పెట్టిన డబ్బులో సగం కూడా తిరిగి రాదని తేలింది. కొనకముందే సంస్థ మంచిచెడ్డలు తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

అర్ధణా
పైన పటారం, లోన లొటారం అన్న మాట ప్లాస్టిక్ పుట్టకముందే పుట్టింది. ఆదివారం వరకే గడువు పెట్టడం నాకు నచ్చలేదు. ఎనభై ఏళ్లు దాటిన నాణేనికి ఇంకో వారం ఆగడం కష్టమా?

సింహాద్రి_నాణేలు
కొనేవారు, అమ్మేవారు కాకుండా బయటివారు వేసే గ్రేడును మూడో పక్షం గ్రేడింగ్ అంటున్నాం గాని, ఆ పక్షం నిజంగా మూడోదేనా అన్నది అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న. గ్రేడు వేసేవారే పక్క గదిలో నాణేలు అమ్ముతుంటే, లేదా వారి పనిలో ఎక్కువ భాగం ఇద్దరు ముగ్గురు డీలర్ల నుంచే వస్తుంటే, ఆ చీటీ అమ్మకందారు నోటి మాటకు అచ్చు వేసిన రూపమే అవుతుంది. పెద్ద సంస్థలు తమ పరీక్షకులు నాణేల వ్యాపారం చేయకూడదని నియమం పెట్టుకున్నది ఇందుకే.

ఈ పద్ధతి ఎలా వచ్చిందో తెలిస్తే దేనికి విలువ ఇవ్వాలో కూడా తెలుస్తుంది. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత పెద్ద సెంటు నాణేల కోసం 1 నుంచి 70 వరకు ఒక అంకెల కొలబద్ద తయారు చేశారు. ఈనాడు మన రూపాయిల మీద వేసే అంకెలు కూడా అక్కడి నుంచి వచ్చినవే. 1972లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వారి నాణేల పరీక్ష విభాగం ఏఎన్‌ఏసీఎస్ మొదలైనప్పుడు దాని పని నాణెం అసలుదో నకిలీదో తేల్చడం మాత్రమే. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా సంస్థలు వచ్చి, గ్రేడు వేసి, సీలు చేసి, తప్పు జరిగితే డబ్బు చెల్లిస్తామని పూచీ ఇవ్వడం మొదలుపెట్టాయి. జనం నమ్మింది ప్లాస్టిక్‌ను కాదు, ఆ పూచీని. కాబట్టి మీ సంస్థ రాతపూర్వకంగా ఏం పూచీ ఇస్తోందో, ఆ పూచీ కింద ఎవరికైనా ఎప్పుడైనా డబ్బు తిరిగి ఇచ్చిందో లేదో కనుక్కోండి. చీటీ మీది అంకె గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

వన్‌టౌన్_వెండి
సింహాద్రి గారు చెప్పింది పుస్తకం ప్రకారం సరైనదే, కానీ కురుపాం మార్కెట్లో కూర్చున్న నాబోటివాడికి అది పూర్తిగా కుదరదు. మన దగ్గర తిరిగే మంచి నాణేలలో ఎక్కువ భాగం వందేళ్లు దాటినవి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. ఆ పెద్ద సంస్థలకు పంపి, గ్రేడు వేయించి తిరిగి తెప్పించుకుంటాం కదా అంటే చట్టం ఒప్పుకోదు. కాణీ గారి 1862 రూపాయిని అమెరికాకు పోస్టు చేయడమంటే నేరం చేయడమే. 1939 రూపాయికి వందేళ్లు నిండడానికి 2039 దాకా సమయముంది కాబట్టి దాని సంగతి వేరు.

అందువల్ల ఇక్కడి సంస్థలన్నిటినీ ఒకే గాటన కట్టి తోసిపుచ్చలేం. వాటిలో నిదానంగా, నిజాయితీగా పనిచేసేవారూ ఉన్నారు, స్లాబ్ పెట్టెలు టోకున కొని ఇంట్లో చీటీలు అచ్చు వేసుకునేవారూ ఉన్నారు. వీరిలో ఎవరు ఎవరో పోల్చుకోవడమే అసలు కష్టం.

గాజువాక_గవ్వ
మా బావమరిది దగ్గర ప్రింటరు ఉంది. రేపటి నుంచి నేనూ గ్రేడింగ్ సంస్థనే. మొదటి నాణెం ఉచితం, పూచీ మాత్రం అడగకూడదు.

ఉక్కునగరం_ఇంజినీరు
గవ్వ గారు నవ్వుతూ అన్నది నవ్వవలసిన విషయం కాదు. పేరున్న సంస్థల స్లాబ్‌లకు కూడా నకిలీలు వచ్చాయి. 2008 ప్రాంతం నుంచే చైనాలో తయారైన దొంగ స్లాబ్‌ల గురించి ఆ సంస్థలు హెచ్చరిస్తూ వచ్చాయి. వాటిలో తెలివైన సంగతి ఏమిటంటే, దొంగలు నంబరును కల్పించరు, నిజంగా ఉన్న ఒక నాణెం నంబరునే కాపీ కొడతారు. వెబ్‌సైటులో చూస్తే నంబరు దొరుకుతుంది, సంవత్సరం కలుస్తుంది, గ్రేడు కలుస్తుంది, మనం తృప్తిపడి డబ్బు తీస్తాం.

నేను దాదాపు అలాగే మోసపోబోయాను. ఆన్‌లైన్‌లో ఒకరు చూపిన స్లాబ్ నంబరు కొడితే అన్నీ సరిపోయాయి. అయితే సంస్థ పేజీలోని ఫొటోలో రాణి చెవి పక్కన చిన్న నల్లమచ్చ ఉంది, అమ్మకందారు పంపిన ఫొటోలో లేదు. వెండి మీద పట్టిన మచ్చ సీలు చేసిన పెట్టెలో తనంతట తాను పోదు. మచ్చ గురించి అడిగిన తర్వాత ఆయన మళ్లీ ఫోను ఎత్తలేదు.

కాబట్టి ఫొటో లేని నంబరు నా లెక్కలో సగం సాక్ష్యమే. క్యూఆర్ కోడ్‌ను అసలు నమ్మకండి, అది చీటీ అచ్చు వేసినవాడు ఎక్కడికి తీసుకెళ్లాలనుకుంటే అక్కడికి తీసుకెళుతుంది. సంస్థ చిరునామాను మీరే టైపు చేసి, అక్కడ నంబరు వెతకండి.

కంచరపాలెం_కాణీ
ఇంజినీరు గారు చెప్పినట్టు చిరునామా టైపు చేసి చూశాను. పేజీ నిజంగా సంస్థదే. ఫొటో మాత్రం అక్కడా లేదు. "ఫొటోలు త్వరలో" అని ఉంది.

అర్ధణా
మా వీధిలో డ్రైనేజీ పనుల బోర్డు మీద కూడా "త్వరలో" అనే ఉంది.

భీమిలి_దుడ్డు
పూచీ గురించి సింహాద్రి గారు చెప్పారు గనుక, ఆ పూచీ పత్రాన్ని చివరి గీత దాకా చదవమని నా మనవి. పెద్ద సంస్థల పత్రాల్లో కూడా మినహాయింపులు ఉంటాయి. చీటీ మీద అచ్చు తప్పు పడితే దానికి పూచీ వర్తించదు. ప్రాచీన నాణేల విషయంలో ఎన్‌జీసీ గ్రేడు వేస్తుంది గాని, అది అసలుదేనన్న పూచీ ఇవ్వదు. నాణెం అసలుదే అయినా తోమినది, గీకినది, మరమ్మతు చేసినది అయితే అంకె వేయకుండా "డీటెయిల్స్" అని రాసి వదిలేస్తుంది. ఆ ఒక్క మాటతో ధర సగానికి పడిపోవచ్చు. కాణీ గారి 1862 రూపాయి సరిగ్గా ఆ గాటికి చెందినది. దాన్ని గుర్తించకుండా 58 వేసిన సంస్థకు చూపు లేదనుకోవాలి, లేదా మొహమాటం ఎక్కువనుకోవాలి.

తోమడం మన ఊళ్ల జబ్బు. భీమిలిలో మా ఇంట్లో డచ్చి ఈస్టిండియా కంపెనీ రాగి నాణేలు, వీఓసీ గుర్తు ఉన్నవి, ఒక ఇత్తడి చెంబు నిండా ఉండేవి. దీపావళికి ముందు మా నాయనమ్మ ఇత్తడి సామానుతో పాటు వాటినీ చింతపండు వేసి తోమేది. ఆవిడ దృష్టిలో అది శుభ్రత. ఇప్పుడు ఏ సంస్థకు పంపినా వాటికి అంకె రాదు.

ఇంకొక మాట, ఇది సముద్రం పక్కన ఉన్నవారికి. స్లాబ్ గాలి చొరబడనిది కాదు. మన ఊరి ఉప్పుగాలికి రెండేళ్లలో నాణెం మీద కొత్త మచ్చలు పడితే, అది మీరు దాచిన తీరు వల్ల వచ్చిందని సంస్థ అంటుంది. ఆ మాట పత్రంలో ముందే రాసి ఉంటుంది.

సీతమ్మధార_సంగ్రహం
మీరందరూ పత్రాల దగ్గర ఆగిపోయారు. సంస్థ విద్వత్తును కొలవడానికి నేను వాడే పద్ధతి వేరు. అది ఇంతకుముందు ఏమేమి స్లాబ్ చేసిందో వెతికి చూస్తాను. 1818 సంవత్సరం, యూకేఎల్ అక్షరాలు, హనుమంతుడి బొమ్మ ఉన్న "ఈస్టిండియా కంపెనీ అర్ధణా" తెలుసు కదా. అలాంటి నాణేన్ని కంపెనీ ఎప్పుడూ ముద్రించలేదు, అవి తర్వాతి కాలంలో ఎవరో చేసి అమ్మిన ఊహా వస్తువులు. వాటికి గ్రేడు వేసి నాణెమని చీటీ అతికించిన సంస్థ నాకు కనబడితే, దాని మిగతా చీటీలను నేను చదవడం కూడా మానేస్తాను.

రెండో పరీక్ష రీస్ట్రైక్‌లు. కలకత్తా, బొంబాయి టంకశాలలు పాత అచ్చులతో నాణేలను మళ్లీ ముద్రించి సంగ్రాహకులకు ఇచ్చేవి, 1970లో ఆ పద్ధతి ఆగిపోయింది. అద్దంలా మెరిసే పందొమ్మిదో శతాబ్దపు నాణెం మీద చీటీలో "రీస్ట్రైక్" అన్న మాట ఉందో లేదో చూడండి. తెలిసినవారు రాస్తారు, తెలియనివారు 65 వేసి పంపిస్తారు.

మూడోది గ్రేడుల పంపకం. ఇక్కడ పేరు చెప్పను గాని, ఒక సంస్థ పేజీలో ఓపికగా నలభై నాణేలు చూశాను. అన్నీ 62కు పైనే ఉన్నాయి. ఈ దేశంలో చేతులు మారి, కొంగుముడుల్లో నలిగి, హుండీల్లో పడి వచ్చిన రూపాయిల్లో ఒక్కటి కూడా అరగలేదంటే నమ్మమంటారా?

అర్ధణా
సంగ్రహం గారూ, నా పేరు పెట్టుకున్నది ఆ హనుమంతుడి అర్ధణా చూసే. ఇంత కఠినంగా మాట్లాడతారా? దేవుడి బొమ్మతో కంపెనీ నాణేలు అసలు లేవా?

సింహాద్రి_నాణేలు
ఉన్నాయి, ఆ తేడా తెలుసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ బంగారు వరహాల మీద విష్ణువు బొమ్మ ఉంది, వాటిని స్టార్ పగోడాలంటారు. 1807-08 ప్రాంతపు వెండి పావు వరహా మీద ఒక వైపు గోపురం, ఇంకో వైపు విష్ణువు ఉంటాయి, చుట్టూ రాసిన భాషల్లో తెలుగు కూడా ఉంది. అంటే "దేవుడి బొమ్మ ఉంటే నకిలీ" అన్న సూత్రం పనికిరాదు. సంగ్రహం గారు చెప్పిన 1818 అర్ధణా మాత్రం నకిలీ కూడా కాదు, ఎందుకంటే నకిలీ కావాలంటే ముందు అసలు ఉండాలి.

అర్ధణా
సరే, పేరు మార్చుకోవాలంటే ఈ వేదికలో ఎవరిని అడగాలి?

ఉక్కునగరం_ఇంజినీరు
లోహం సంగతి మనమే తేల్చుకోవచ్చు. ఆ కాలపు రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి శాతం 91.7, మిగతాది రాగి. ఆ మిశ్రమం సాంద్రత లెక్క వేస్తే ఘన సెంటీమీటరుకు సుమారు 10.3 గ్రాములు వస్తుంది. తూకం యంత్రం మీద నీళ్ల గిన్నె పెట్టి, సున్నా చేసి, నాణేన్ని దారంతో కట్టి అడుగును తాకకుండా నీటిలో వేలాడదీస్తే యంత్రం దాదాపు 1.13 గ్రాములు చూపించాలి. రాగి-నికెల్ మీద వెండి పూత పూసిన నాణెం అదే బరువుకు 1.3 దాకా చూపిస్తుంది. సంస్థ అవసరమే లేదు.

వన్‌టౌన్_వెండి
ఇంజినీరు గారి పరీక్ష మా దుకాణంలో రోజూ చేసేదే, కానీ ఇక్కడ రెండు చోట్ల చిక్కుంది. మొదటిది, నాణెం ప్లాస్టిక్‌లో ఉంది. స్లాబ్ కోస్తే డీలర్ వాపసు తీసుకోరు. రెండోది ఇంకా ముఖ్యం. 1939 రూపాయి దొరకడం కష్టం, 1938 రూపాయి సులువుగా దొరుకుతుంది. రెండిటికీ రాజు ఒకరే, బరువు ఒకటే, వెండి ఒకటే. 1938లోని 8ని గీకి 9 చేసిన నాణెం మీ నీటి పరీక్షలో దర్జాగా నెగ్గుతుంది, ఎందుకంటే అది నిజమైన వెండి రూపాయే. వెండి 50 శాతానికి తగ్గింది 1940లో, కాబట్టి ఆ తర్వాతి నాణెం మీద తేదీ మారిస్తే మాత్రం మీ లెక్క పట్టేస్తుంది.

తేదీని పది రెట్లు పెంచే భూతద్దంతో చూడాలి. ఆఖరి అంకె చుట్టూ ఉన్న చదునైన భాగం మిగతా మూడు అంకెల చుట్టూ ఉన్నంత నునుపుగా ఉందా, 9 తోక మీద లోహం తీసేసిన గుంట ఉందా, అంకె ఎత్తు మిగతావాటితో సమానంగా ఉందా అన్నది గమనించండి. వెలుతురును పక్క నుంచి పడనిస్తే నీడలే చెబుతాయి. ఈ పని స్లాబ్ బయట నుంచి కూడా చేయవచ్చు, ప్లాస్టిక్ మీద గీతలు లేకపోతే.

ఉక్కునగరం_ఇంజినీరు
ఒప్పుకుంటున్నాను. 1938 సంగతి నాకు తట్టలేదు.

రుషికొండ_రాగి
అసలు నాణెమని తేలినా, 63 అన్న అంకె సంగతి మిగిలే ఉంటుంది. గ్రేడు అనేది కొలత కాదు, అభిప్రాయం. పేరున్న సంస్థలో ఒకరికి మించి పరీక్షకులు ఒకే నాణేన్ని చూస్తారు గనుక ఆ అభిప్రాయానికి కొంత నిలకడ ఉంటుంది, అంతే. స్లాబ్‌ను పగలగొట్టి అదే నాణేన్ని మళ్లీ పంపి, ఇంకో అంకె తెచ్చుకునే ఆట అమెరికాలో దశాబ్దాలుగా సాగుతోంది. తమ గ్రేడింగ్ నిలకడగా, నిష్పాక్షికంగా ఉంటుందన్న ప్రకటనలు అతిగా ఉన్నాయని 1990లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ పీసీజీఎస్ మీద కేసు వేసింది. ప్రకటనల్లో వివరణ చేర్చడానికి సంస్థ ఒప్పుకుని రాజీ చేసుకుంది. 2007లో సీఏసీ అనే ఇంకో సంస్థ వచ్చి, ఇతరులు గ్రేడు వేసిన స్లాబ్‌లను మళ్లీ చూసి, బాగున్న వాటికి ఆకుపచ్చ స్టిక్కర్, ఇంకా ఎక్కువ గ్రేడుకు తగినవాటికి బంగారు రంగు స్టిక్కర్ వేయడం మొదలుపెట్టింది. గ్రేడు మీదే ఇంకొకరి అభిప్రాయం అవసరమైందంటే, మొదటి అభిప్రాయానికి హద్దు ఎక్కడో అర్థమవుతుంది.

గాజువాక_గవ్వ
స్టిక్కరు అసలుదో కాదో చెప్పే స్టిక్కరు ఎప్పుడొస్తుంది? బావమరిదిని సిద్ధంగా ఉండమంటాను.

పూర్ణామార్కెట్_పరక
ఒక డీలర్ నాతో "మా స్లాబ్‌కు రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉంది" అన్నారు. అది నిజమా?

సీతమ్మధార_సంగ్రహం
కాదు. పాత నోట్లు, నాణేల కొనుగోలు, అమ్మకాలతో తమకు సంబంధం లేదని, తమ పేరు చెప్పి రుసుములు వసూలు చేసేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లో ప్రకటన ఇచ్చింది. ఆ పేరు ఎత్తిన దుకాణం నుంచి నేనైతే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేస్తాను.

నిర్వాహకులు
మన దేశపు గ్రేడింగ్ సంస్థల పేర్లు, డీలర్ల పేర్లు, ఫోను నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. ఇప్పటివరకు ఎవరూ పెట్టలేదు, సంతోషం. అర్ధణా గారూ, పేరు మార్చడం కుదరదు.

కంచరపాలెం_కాణీ
నిన్న వెళ్లి వచ్చాను. అందరి మాటలూ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాను.

ముందుగా వన్‌టౌన్ గారు చెప్పినట్టు పక్క వెలుతురులో తేదీ చూశాను. 9 చుట్టూ నాకు తేడా ఏమీ కనబడలేదు, అయితే స్లాబ్ మీద సరిగ్గా తేదీ దగ్గరే రెండు గీతలు ఉన్నందువల్ల గట్టిగా చెప్పలేను. తర్వాత డీలర్ ముందే సంస్థకు ఫోను చేశాను. నాణెం నకిలీ అని తేలితే డబ్బు ఇస్తారా అని అడిగితే, ఇస్తామన్నారు. ఎవరికి ఇస్తారని భీమిలి దుడ్డు గారి మాట గుర్తొచ్చి అడిగాను. గ్రేడింగ్‌కు పంపినవారికి మాత్రమేనట. పంపినవారు ఎదురుగా కూర్చున్న డీలరే.

"అయితే ఏదైనా తేడా వస్తే నెల రోజుల్లో వాపసు తీసుకుంటానని మీరు బిల్లు మీద రాసివ్వండి" అని డీలర్‌ను అడిగాను. స్లాబ్ ఉండగా బిల్లు మీద రాత ఎందుకండీ అన్నారు. నేను టీ తాగి వచ్చేశాను.

వన్‌టౌన్_వెండి
మంచి పని చేశారు. డీలర్ దొంగ అని నేను అనను, నాణెం అసలుదే కావచ్చు కూడా. కానీ పూచీ మీ దగ్గరకు రానప్పుడు ఆ స్లాబ్‌కు అదనంగా మీరు పెట్టే డబ్బు దేనికి? స్లాబ్ లేని నాణెం ధర ఎంతో అదే ఇస్తానని అడిగి చూడవలసింది.

రుషికొండ_రాగి
స్లాబ్ లేని 1939కి ఏ ధర అడుగుతారు? ఆ ఒక్క సంవత్సరానికే నాకు మంచి సంస్థ చీటీ కావాలి. మామూలు రూపాయిలకైతే వన్‌టౌన్ గారి మాటే నా మాట, గ్రేడింగ్ రుసుముతో ఇంకో నాణెం కొనుక్కోవచ్చు.

కంచరపాలెం_కాణీ
ఇంకొక సంగతి. వచ్చే దారిలో కోపం ఆగక పాత 1862 రూపాయి స్లాబ్‌ను ఆక్సా బ్లేడుతో కోసేశాను. కురుపాం మార్కెట్లో తెలిసినవారి తూకం మీద 11.58 గ్రాములు వచ్చింది, నీటిలో వేలాడదీస్తే 1.12 చూపించింది.

ఉక్కునగరం_ఇంజినీరు
11.58ని 1.12తో భాగిస్తే 10.34. వెండి సరిగ్గానే ఉంది.

కంచరపాలెం_కాణీ
తోమిన నాణెమే గాని అబద్ధపు నాణెం కాదు. చేతిలో పెట్టుకుని చూస్తే వెనక వైపు తేదీ కింద చిన్న చుక్కలు కనిపిస్తున్నాయి. ప్లాస్టిక్‌లో ఉన్నప్పుడు అవి కనబడలేదు, చీటీ మీద వాటి మాటే లేదు.

సింహాద్రి_నాణేలు
1862 అన్న తేదీ వేసి 1874 దాకా ముద్రిస్తూ పోయారు, ఏ విడతదో తెలిపేవి ఆ చుక్కలే. కొన్ని చుక్కల రకాలు దొరకడం కష్టం. చుక్కల్ని లెక్కపెట్టకుండా 1862కి గ్రేడు వేసిన సంస్థ గురించి నేను ఇంక ఏమీ అనను. పైన ఎన్ని, కింద ఎన్ని ఉన్నాయో చూసి, పక్క వెలుతురులో తీసిన ఫొటో పెట్టండి. తోమకండి.

భీమిలి_దుడ్డు
చింతపండు దగ్గరికి అసలు రానివ్వకండి.